మూడవ సాలార్‌జంగ్

నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (జూన్ 13, 1889 - మార్చి 2, 1949) హైదరాబాదు సంస్థానంలో ప్రముఖ జాగీర్దారు, దివాను, పురాతన వస్తువుల సేకరణకర్త. మూడవ సాలార్‌జంగ్ అన్న బిరుదనామంతో ప్రసిద్ధుడు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న వస్తువులలో అధికభాగం ఈయన సేకరించినవే. శిల్పాలు, చిత్రాలు, గడియారాలు, పింగాణీ, వ్రాతప్రతులతోపాటు కత్తులు, బాకులు, బల్లేలు, గండ్రగొడ్డళ్లు, గదలు, డాళ్లు, కవచాలు వంటి పురాతన ఆయుధాలను కూడా ఈయన పెద్ద ఎత్తున సేకరించాడు. మ్యూజియానికి వెళ్లినవారు సాధారణంగా ముసుగు రెబెక్కా శిల్పాన్ని, సంగీత గడియారాన్ని చూసి వస్తారు. దక్కను చరిత్ర చదివేవారికి మాత్రం అక్కడి ఆయుధాల విభాగం చాలా విలువైనది.

వంశం, బాల్యం

సాలార్‌జంగ్ అనేది నిజాం ప్రభువులు ఇచ్చిన బిరుదు. పారశీక భాషలో సాలార్ అంటే నాయకుడు, జంగ్ అంటే యుద్ధం. ఈ వంశంలో ముగ్గురు ఈ బిరుదుతో హైదరాబాదు దివానులుగా పనిచేశారు. తాత మీర్ తురాబ్ అలీ ఖాన్ (మొదటి సాలార్‌జంగ్) 1853 నుండి 1883 వరకు దివానుగా ఉండి సంస్థానపు పాలనను, రెవెన్యూ వ్యవస్థను సంస్కరించాడు. 1876లో ఐరోపా పర్యటనలో రోము నగరంలో ముసుగు రెబెక్కా శిల్పాన్ని కొన్నది ఈయనే. తండ్రి మీర్ లాయక్ అలీ ఖాన్ (రెండవ సాలార్‌జంగ్) 1884 నుండి 1887 వరకు దివానుగా ఉన్నాడు.

మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పూణేలో జన్మించాడు. పుట్టి నెల నిండకముందే, 1889 జూలైలో, తండ్రి మరణించాడు. వంశానికి మిగిలిన ఏకైక మగ సంతానం కావడంతో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆ బాలుని బాగోగులు స్వయంగా చూశాడు. బాలుడు యుక్తవయస్కుడయ్యేవరకు జాగీరు ప్రభుత్వ పర్యవేక్షణలో ఉన్నది. హైదరాబాదులోని నిజాం కళాశాలలో ఈయన విద్యాభ్యాసం జరిగింది.

దివాను పదవి

1911లో ఆరవ నిజాం మరణించగా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏడవ నిజాముగా గద్దెనెక్కాడు. 1912లో మహారాజా కిషన్ పర్షాద్ స్థానంలో యూసుఫ్ అలీ ఖాన్ దివానుగా నియమితుడయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు 23 సంవత్సరాలు. రెండేళ్ల తరువాత, 1914లో, ఆ పదవిని వదులుకున్నాడు. తరువాతి జీవితంలో అధికభాగాన్ని, జాగీరు ఆదాయంలో పెద్ద భాగాన్ని పుస్తకాలు, కళాఖండాలు సేకరించడానికే వినియోగించాడు. వివాహం చేసుకోలేదు. కవులను, రచయితలను, చిత్రకారులను ఆదరించాడు.

సేకరణ

తాత, తండ్రి కూడబెట్టిన వస్తువులు ఈయనకు వారసత్వంగా లభించాయి. ఆ పునాదిపై సుమారు నలభై సంవత్సరాలపాటు ఈయన సేకరణను పెంచాడు. హైదరాబాదులోని నివాసభవనం దివాన్ దేవిడీకి దేశం నలుమూలల నుండి వ్యాపారులు వస్తువులు తెచ్చి చూపేవారు. విదేశాలలోని ప్రసిద్ధ పురావస్తు వ్యాపారుల నుండి పట్టికలు వచ్చేవి. స్వయంగా విదేశాలు పర్యటించినప్పుడు కూడా వస్తువులు కొనేవాడు.

సేకరణకు ఆ కాలం అనువైనది. 1857 తరువాత మొగలుల వస్తువులు చెల్లాచెదురై చేతులు మారుతున్నాయి. తుపాకులు వచ్చిన తరువాత కత్తికి యుద్ధంలో పని తగ్గిపోయి, పాత ఆయుధాలు సంస్థానాల ఆయుధాగారాల నుండి, సర్దారుల ఇళ్ల నుండి అంగళ్లకు చేరాయి. చాలా చోట్ల వెండి, బంగారం కోసం పిడులను, ఒరలను కరిగించేవారు. అలుగులు పాత ఇనుము క్రింద పోయేవి. ఎవరైనా కొని దాచకపోతే వాటిలో ఎన్నో మిగిలేవి కావు.

ఆయుధాలు

మ్యూజియంలోని ఆయుధాల సేకరణలో భారతీయ, పారశీక, ఐరోపా ఆయుధాలు ఉన్నాయి. వీటిలో ముఖ్యమైన రకాలు:

తల్వారు: కొద్దిగా వంపు తిరిగిన కత్తి. పిడి చివర గుండ్రని పళ్లెం వంటి బిళ్ల ఉంటుంది.
షంషేరు: పారశీక పద్ధతిలో బాగా వంపు తిరిగి, మొన వైపు సన్నబడే కత్తి.
ఖండా: వంపు లేని వెడల్పాటి కత్తి. అలుగు అంచులకు బలం కోసం లోహపు పట్టీలు ఉంటాయి.
ఫిరంగీ: ఐరోపాలో తయారైన అలుగుకు భారతీయ పిడి బిగించిన కత్తి.
కటారి: అడ్డంగా పిడి ఉండి, పిడికిలితో పొడిచే బాకు.
పేష్‌కబ్జ్: కవచపు గొలుసులను చీల్చుకొని పోయేలా మొన సన్నగా ఉండే బాకు.
భాలా, తబర్, గుర్జ్: వరుసగా బల్లెం, గండ్రగొడ్డలి, గద.

జహంగీరుదని చెప్పే పచ్చరాతి పిడి గల వేటకత్తి, నూర్జహానుదని చెప్పే రత్నఖచితమైన పండ్లకత్తి ఈ మ్యూజియంలోని ప్రసిద్ధ వస్తువులు. షాజహాను బిరుదు చెక్కిన పచ్చరాతి విలుకాని ఉంగరం కూడా ఇక్కడ ఉన్నది. బాణం సంధించేటప్పుడు వింటినారి బొటనవేలిని కోయకుండా దీనిని ధరించేవారు. ఔరంగజేబు, మహమ్మద్ షా, టిప్పు సుల్తాను, గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా పేర్లతో సంబంధమున్నవని చెప్పే ఆయుధాలు కూడా సేకరణలో ఉన్నాయి.

పురాతన ఆయుధాలను గుర్తించే విధానం

ఒక ఆయుధం ఫలానా రాజుదని చెప్పడం తేలిక, నిరూపించడం కష్టం. రాజు పేరు చెబితే ధర పెరుగుతుంది కనుక వ్యాపారులు పేర్లు చేర్చడం సర్వసాధారణం. అందువలన పరిశోధకులు పేరును చివరకు వదిలి, ముందుగా వస్తువును పరీక్షిస్తారు. అలుగు, పిడి, ఒర మూడింటినీ విడివిడిగా చూడాలి. మంచి అలుగు పలు తరాలపాటు వాడుకలో ఉండేది. పిడి విరిగితే కొత్తది బిగించేవారు. కనుక ఒకే కత్తిలో అలుగు ఒక శతాబ్దానిది, పిడి మరొక శతాబ్దానిది, ఒర ఇంకొక ఊరిది కావచ్చు.

అలుగు ఉక్కు: దక్కను కత్తుల కీర్తికి మూలం మూస ఉక్కు. ఐరోపావారు దీనిని ఊట్జ్ అన్నారు. ఈ మాట ఉక్కు అన్న దక్షిణాది పదం నుండే వచ్చిందని పండితుల అభిప్రాయం. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఈ ఉక్కుకు ప్రసిద్ధి. ఇక్కడి ఉక్కు కొనడానికి పారశీక దేశపు వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దం తొలినాళ్లలో దానిని పరిశీలించిన హెన్రీ వాయిసీ వ్రాశాడు. ఇనుమును కర్బన పదార్థాలతో కలిపి మూసలో మూసివేసి చాలాసేపు కాచి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఆ ఉక్కును తక్కువ వేడిలో సాగగొట్టి అలుగు చేసి, ఆమ్లగుణం గల ద్రవంతో తుడిస్తే నీటి అలల వంటి రేఖలు బయటపడతాయి. వేర్వేరు ఇనుపపట్టీలను కలిపి అతికిన అలుగులోనూ రేఖలు కనిపిస్తాయి గాని వాటి తీరు వేరు. ఇనుముపై గీతలు పూసి చేసే నకిలీలు కూడా ఉన్నాయి.

ముద్రలు, శాసనాలు: ఇస్ఫహానుకు చెందిన అసదుల్లా అన్న కమ్మరి పేరు చాలా కత్తులపై కనిపిస్తుంది. వాటిపై ఉన్న తేదీలు ఒక మనిషి జీవితకాలాన్ని మించి వ్యాపించి ఉండడంతో, ఆ పేరు కాలక్రమంలో నాణ్యతకు గుర్తుగా మారిందని పరిశోధకులు నిర్ణయించారు. అలాగే జర్మనీలోని పస్సావు, సోలింగెన్ కమ్మరులు వాడిన పరుగెత్తే తోడేలు గుర్తును ఇతరులు కూడా అనుకరించారు.

తేదీలు: హిజ్రీ సంవత్సరం చాంద్రమానం కనుక సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువ. అందుచేత హిజ్రీ సంఖ్యకు ఒక స్థిర సంఖ్యను కలిపితే క్రీస్తుశకం రాదు. ఉదాహరణకు హిజ్రీ 1100 అంటే క్రీ.శ. 1688-89. గోల్కొండ 1687లోనే మొగలుల వశమైంది. కనుక తానాషా తన కొలువులో చేయించినదని చెప్పే కత్తిపై హిజ్రీ 1100 అని ఉంటే ఆ మాట నిలువదు.

అలంకరణ: ఉక్కుపై గాట్లు పెట్టి బంగారు తీగను పైపైన అతికే పనిని కోఫ్త్‌గరీ అంటారు. లోతుగా గాడి తీసి బంగారాన్ని పొదిగే పని తహ్‌నిషాన్. మొదటిది వాడుకలో త్వరగా అరుగుతుంది. వందల ఏళ్లు వాడినదని చెప్పే పిడిపై పైపూత చెక్కుచెదరకుండా ఉంటే అనుమానించవలసి ఉంటుంది.

ఫిరంగీ కత్తుల వంటివి తీరప్రాంతపు వర్తకానికి సాక్ష్యాలు. ఐరోపా అలుగులు ఓడలలో భారతదేశానికి వచ్చేవి. గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నం ప్రధాన ఓడరేవు. 18వ శతాబ్దంలో కోనసీమలో అమలాపురం సమీపాన బండమూర్లంకలో ఆంగ్లేయులకు, గోదావరి ఒడ్డున యానాంలో ఫ్రెంచివారికి వర్తక స్థానాలు ఉండేవి. కోనసీమ ఉన్న రాజమహేంద్రవరం సర్కారు 1753లో ఫ్రెంచివారి చేతికి, 1766 ఒప్పందంతో ఆంగ్లేయుల చేతికి వెళ్లేవరకు నిజాముల ఏలుబడిలోనిదే. కనుక ఈ ఆయుధాల చరిత్ర హైదరాబాదుకు మాత్రమే పరిమితమైనది కాదు.

ఈ విషయంపై పరిశోధనకు అబుల్ ఫజల్ అయినె అక్బరీలోని ఆయుధాల పట్టిక, 1880లో ఎగర్టన్ ప్రచురించిన భారతీయ ఆయుధాల పుస్తకం ముఖ్య ఆధారాలు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని కత్తులు, కవచాలపై డా. జి.ఎన్.పంత్ రూపొందించిన వివరణ పట్టిక 1989లో వెలువడింది.

మరణం, సేకరణ భవితవ్యం

1948 సెప్టెంబరులో పోలీసు చర్య తరువాత హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. ఆరు నెలలలోపే, 1949 మార్చి 2న, మూడవ సాలార్‌జంగ్ మరణించాడు. దాయిరా మీర్ మొమిన్‌లోని కుటుంబ శ్మశానవాటికలో ఖననం చేశారు. అదే సంవత్సరం ఆగస్టు 15న సంస్థానంలో జాగీర్దారీ వ్యవస్థ రద్దయింది.

సంతానం లేకపోవడంతో సేకరణ భవితవ్యం ప్రశ్నార్థకమైంది. వారసత్వం కోరుతూ బంధువులు ముందుకు వచ్చారు. పంపకం జరిగితే వస్తువులన్నీ విడిపోయి మరల అంగళ్లకు చేరేవి. ఆయుధాల విషయంలో ఈ నష్టం మరింత ఎక్కువ. చిత్రాన్ని సంతకం బట్టి గుర్తించవచ్చు గాని, సంతకం లేని కత్తి ఎక్కడి నుండి వచ్చిందన్న జ్ఞాపకం ఒకసారి పోతే తిరిగి రాదు. ప్రభుత్వం 1949లో సాలార్‌జంగ్ ఎస్టేటు కమిటీని నియమించింది. అప్పటి పాలనాధికారి ఎం.కె.వెల్లోడి ఈ వస్తువులతో మ్యూజియం నెలకొల్పాలని తలపెట్టి, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ సహాయం తీసుకున్నాడు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించాడు.

1958లో హైకోర్టులో కుదిరిన రాజీ ప్రకారం వారసులు ఈ సేకరణను భారత ప్రభుత్వానికి సమర్పించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా ఇది జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ అయింది. 1968లో మూసీ నది దక్షిణ తీరాన కట్టిన కొత్త భవనానికి మ్యూజియాన్ని తరలించారు. రాష్ట్ర గవర్నరు అధ్యక్షుడుగా గల బోర్డు దీనిని నిర్వహిస్తుంది.

ప్రాముఖ్యత

నూరేళ్లు దాటిన కళాఖండాలను దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నియంత్రిస్తుంది. సాలార్‌జంగ్ కాలానికి ఈ చట్టం ఇంకా రాలేదు. అప్పట్లో దక్కను కత్తులు ఎన్నో లండను, పారిస్ వ్యాపారుల ద్వారా విదేశీ మ్యూజియాలకు, సొంత సేకరణలకు చేరాయి. ఒక వ్యక్తి అభిరుచి వలన ఆ ప్రవాహంలో కొంత భాగం హైదరాబాదులో ఆగింది. వస్తువులతోపాటు చేరిన కథలలో కొన్ని నిజం, కొన్ని వ్యాపారుల కల్పన కావచ్చు. వస్తువు దక్కింది కనుకనే వాటిని నేడు పరీక్షించి తేల్చగలుగుతున్నారు. పేరులో యుద్ధ నాయకత్వాన్ని ధరించిన ఈ నవాబు, ఆయుధాలను వాడినందుకు గాక దాచినందుకు చరిత్రలో నిలిచాడు.