పచ్చయప్ప మొదలియారు

తండ్రి విశ్వనాథ మొదలియారు గతించిన పిదప, 1754లో, మన పెరియపాళయమున పచ్చయప్ప జన్మించెను. తల్లి బిడ్డలతో చెన్నపట్నము చేరగా, నారాయణ పిళ్ళ యను దుబాసీ వారికి ఆశ్రయమొసగి, బాలునకు ఇంగ్లీషును, లెక్కలను నేర్పించెను. ఆ చదువే పచ్చయప్పకు పెట్టుబడి; వేరొకటి లేదు. ఆయనను కీర్తించు మనము ఈ పిళ్ళను తలంపకుండుట న్యాయము కాదని మాకు తోచుచున్నది.

పచ్చయప్ప తానును దుబాసీయై, తంజావూరు వ్యవహారములు నడపి, నలువది యేండ్ల వయసునకే అపారధనమార్జించెను. 1794లో మరణించుచు దానిని దేవాలయాది ధర్మములకు వ్రాసెను. ఆ ధనము చిరకాలము వ్యాజ్యములలో చిక్కెను. తుదకు న్యాయస్థానము మిగులు సొమ్మును విద్యకు మరల్పగా, 1842 జనవరి 1న చెన్నపట్నమున ఆయన పేర పాఠశాల వెలసెను. అందు పేదబాలురకు ఉచితముగా ఇంగ్లీషుతోపాటు అరవమును, మన తెలుగును నేర్పిరి.