హ్యారీ క్రో బక్: డ్రిల్లు మాస్టార్లతో మొదలైన మన బాస్కెట్‌బాల్

అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టారు. చలికాలంలో విద్యార్థులను నాలుగు గోడల మధ్య ఆడించడానికి ఆయన వేసిన ఉపాయం అది. తర్వాతి కాలంలో అదే సంస్థలో చదువుకున్న హ్యారీ క్రో బక్ 1919లో మన దేశానికి వచ్చి మద్రాసులో స్థిరపడ్డారు.

బక్ 1884లో పెన్సిల్వేనియాలో పుట్టారు. ఇక్కడికి వచ్చాక ఆయన ముందుగా ఆటగాళ్లను వెతకలేదు, ఆట నేర్పే పంతుళ్లను తయారుచేయడానికి పూనుకున్నారు. 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా శిక్షణ పాఠశాల తెరిచారు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందితో మొదలైన ఆ బడే నేటి నందనంలోని వైఎంసీఏ కళాశాల. ఆంధ్ర జిల్లాలు కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. డ్రిల్లు మాస్టారు అన్న మాటకు ఒక చదువు, ఒక వృత్తి గౌరవం రావడంలో ఆ కళాశాలది పెద్ద పాత్ర.

బక్ రెండో పని సంఘాలు కట్టడం. 1924 ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన పోటీల నుంచి ఎంపికైన జట్టుకు ఆయన మేనేజరుగా పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. తర్వాత సహచరుడు నోరెన్‌తో పాటు దేశమంతా తిరిగి, ప్రాంతీయ సంఘాలు ఏర్పడేందుకు తోడ్పడ్డారు. 1927లో దొరాబ్జీ టాటా అధ్యక్షుడిగా భారత ఒలింపిక్ సంఘం పుట్టింది. 1934లో ఢిల్లీలో తొలి జాతీయ బాస్కెట్‌బాల్ పోటీలు జరిగాయి. బక్ 1943లో మద్రాసులోనే కన్నుమూశారు. భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది 1950లో. దాన్ని ఆయన చూడలేదు.

అయినా ఈనాటి అమరికలో ఆయన బాట కనిపిస్తుంది. సూరత్‌లోని నవాగామ్‌లో పెరిగే ఒక తెలుగు పిల్లవాడు భారత జట్టు చొక్కా వేసుకోవాలంటే ముందు బడి జట్టులో, తర్వాత జిల్లా జట్టులో, ఆపైన గుజరాత్ జట్టులో నిలవాలి. మాతృభాష ఏదైనా ఆడాల్సింది ఉన్న రాష్ట్రం తరఫునే. జాతీయ పోటీల్లో మెరిస్తే సమాఖ్య శిబిరానికి పిలుపు వస్తుంది. అక్కడ వడపోసి పన్నెండు మందిని ఎంచుతారు.

అమెరికాలో 1946లో మొదలైన లీగ్ నేటి ఎన్‌బీఏ అయింది. అక్కడ క్లబ్బే ఆటగాడికి జీతం ఇస్తుంది. మన దగ్గర ఆ జీతం ఎక్కువగా రైల్వే, సైన్యం, పోలీసు, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగంగా వస్తుంది. రైల్వే, సర్వీసెస్ జట్లు జాతీయ పోటీల్లో రాష్ట్రాలతో సమానంగా బరిలో దిగేది అందుకే. ప్రైవేటు లీగ్‌లు వచ్చినా పాతుకుపోలేదు. పురుషుల జట్టు ఒలింపిక్స్‌లో ఆడింది ఒక్కసారే, 1980లో మాస్కోలో.

లీగ్ లేకపోవడమే మన లోటని చాలామంది అంటారు. అది సగం నిజమే. బక్ జీవితం రెండో సగాన్ని గుర్తుచేస్తుంది. ఎన్ని కోట్ల లీగ్ పెట్టినా అందులో ఆడాల్సిన పిల్లలు ముందు ఏదో ఒక బడి మైదానంలో బంతి పట్టాలి. మైదానం లేని బడి, పీఈటీ పోస్టు ఖాళీగా ఉన్న బడి ఆ నిచ్చెనలో విరిగిన మొదటి మెట్టు. బక్ వందేళ్ల క్రితం తన పని మొదలుపెట్టింది ఆ మెట్టు దగ్గరే.