రేమండ్ లిండెమాన్

రేమండ్ లారెల్ లిండెమాన్ (జూలై 24, 1915 - జూన్ 29, 1942) అమెరికాకు చెందిన ఆవరణ శాస్త్రవేత్త. మంచినీటి సరస్సులో సూర్యశక్తి ప్లవకాల నుండి చేపల వరకు ఎలా ప్రవహిస్తుందో లెక్కగట్టి చూపిన వ్యక్తిగా ప్రసిద్ధుడు.

జీవితం

ఈయన మిన్నెసోటా రాష్ట్రంలోని రెడ్‌వుడ్ ఫాల్స్ సమీపంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. మిస్సోరీలోని పార్క్ కళాశాలలో పట్టభద్రుడై, 1941లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. భార్య ఎలియనార్ పరిశోధనలో కూడా ఈయనకు సహచరి.

సెడార్ బాగ్ సరస్సు

పరిశోధనకు ఈయన ఎంచుకొన్నది పేరున్న సరస్సు కాదు. మినియాపొలిస్ నగరానికి ఉత్తరాన, పూడిపోతున్న ఒక చిన్న సరస్సు అది. లోతు సుమారు ఒక మీటరు మాత్రమే. దంపతులిద్దరూ ఐదేళ్ళపాటు అక్కడ నీటి నమూనాలు సేకరించారు. నీటిలోని ప్లవకాలను వేరుచేసి, తూచి, ఆ బరువును కేలరీలలోకి మార్చారు.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. ఏదో ఒక రోజున సరస్సులో ఉన్న ప్లవకాల బరువు వేరు, ఏడాదిలో అవి పెరిగిన మొత్తం వేరు. బావిలో నీటిమట్టం చూసి ఊట ఎంతో చెప్పలేము కదా! ప్లవకాలు కొద్ది రోజులలోనే పెరిగి, చాలావరకు ఇతర జీవులకు ఆహారమైపోతాయి. అందువలన లిండెమాన్ సగటు బరువును, అవి ఏడాదిలో ఎన్నిసార్లు కొత్తగా పుట్టుకువస్తాయో ఆ సంఖ్యతో హెచ్చించి, శ్వాసక్రియలో ఖర్చయ్యే శక్తిని కూడా కలిపాడు. ఆ లెక్క ప్రకారం సరస్సుపై పడే సూర్యశక్తిలో మొక్కలు గ్రహించేది సుమారు 0.10 శాతమే. శాకాహార జీవులు తమ క్రింది స్థాయి నుండి 13.3 శాతం, మాంసాహార జీవులు 22.3 శాతం గ్రహిస్తున్నాయి. మన పాఠ్యపుస్తకాలలో లిండెమాన్ పేరిట కనిపించే పదిశాతం నియమం ఈ అంకెలకు బాగా సులభం చేసిన రూపమే.

వ్యాస తిరస్కరణ

1941లో ఈయన యేల్ విశ్వవిద్యాలయంలో జి. ఎవెలిన్ హచిన్సన్ వద్ద చేరాడు. అక్కడ తుదిరూపమిచ్చిన వ్యాసాన్ని 'ఎకాలజీ' పత్రికకు పంపగా ఛాన్సీ జూడే, పాల్ వెల్చ్ అనే ఇద్దరు పరిశీలకులు దానిని ప్రచురించరాదన్నారు. ఇంకా ఎన్నో సరస్సులను కొలవకుండా సిద్ధాంతం చెప్పడం తొందరపాటని వారి అభిప్రాయం. దశాబ్దాలుగా విస్కాన్సిన్ సరస్సులను కొలిచిన జూడే అలా అనడం సహజమే. విశేషమేమంటే, పోలిక కొరకు లిండెమాన్ ఆధారపడినది మెండోటా సరస్సుపై జూడే ప్రకటించిన అంకెలపైనే. హచిన్సన్ పట్టుబట్టి సంపాదకుడు థామస్ పార్క్‌కు వ్రాయగా, సవరణల తరువాత 1942లో పార్క్ వ్యాసాన్ని అంగీకరించాడు.

మరణం

అప్పటికే లిండెమాన్ ఆరోగ్యం క్షీణించింది. కాలేయ వ్యాధితో తన 27వ ఏట మరణించాడు. 'ది ట్రోఫిక్-డైనమిక్ ఆస్పెక్ట్ ఆఫ్ ఎకాలజీ' అనే ఆ వ్యాసం 1942 అక్టోబరు సంచికలో, చివర హచిన్సన్ వ్రాసిన చిన్న అనుబంధంతో వెలువడింది.