చరిత్రకారుడు కార్టర్ ఉడ్సన్

గురువు చెంత చోటు దొరకని శిష్యుడు దూరాన ఉండి విద్య సాధించిన కథ మనకు కొత్త కాదు. ఏకలవ్యుని వృత్తాంతం తెలియని తెలుగువాడు ఉండడు. అటువంటి సాధన పురాణాలకే పరిమితం కాదనడానికి అమెరికాలోని నల్లజాతి చరిత్రకారుడు కార్టర్ గాడ్విన్ ఉడ్సన్ జీవితం నిదర్శనం. బొగ్గు త్రవ్విన చేతులతోనే ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయపు డాక్టరు పట్టం అందుకొన్నారు. ఆ పట్టం పొందిన తరువాత ఆయన చేసిన పని అంతకంటె గొప్పది.

ఉడ్సన్ 1875 డిసెంబరు 19వ తేదీన వర్జీనియా రాష్ట్రంలోని న్యూ కాంటన్ అనే పల్లెలో జన్మించినారు. తల్లిదండ్రులు ఇరువురూ ఒకప్పుడు బానిసలు. 1865లో బానిసత్వం రద్దయిన పదేండ్లకు పుట్టిన బిడ్డ ఆయన. తండ్రి వడ్రంగం చేసేవాడు. కొద్దిపాటి సేద్యం కూడ ఉండేది. ఆయనకు అక్షరాలు రావు. ఆ పల్లెలో బడి ఏడాదికి కొద్ది నెలలే నడిచేది. పొలం పని లేని రోజులలోనే పిల్లవాడికి ఆ బడి అయినా దక్కేది.

యుక్తవయసు రాగానే ఉడ్సన్ పొట్టపోసుకొనడానికి పశ్చిమ వర్జీనియా బొగ్గుగనులకు వెళ్ళినారు. అక్కడ ఆలివర్ జోన్స్ అనే నల్లజాతి కార్మికుడు ఉండేవాడు. ఆయన అంతర్యుద్ధంలో పోరాడిన సైనికుడు. పని ముగిసిన తరువాత తోటి కార్మికులు ఆయన ఇంట చేరి, ఏదో ఇంత తిని, కబుర్లు చెప్పుకొనేవారు. జోన్సుకు చదువు రాదు. కాని తన జాతిని గూర్చిన గ్రంథాలను, వార్తాపత్రికలను తెప్పించి ఇంట ఉంచుకొనేవాడు. వాటిని చదివి వినిపించే పని ఉడ్సన్‌కు అప్పగించినాడు. యువకుడు చదువుతూ ఉంటే వృద్ధులు తాము చూచిన యుద్ధాన్ని, తాము అనుభవించిన దాస్యాన్ని చెప్పేవారు. ఉడ్సన్‌కు మొదటి చరిత్ర పాఠశాల ఆ కార్మికుని ఇల్లే.

ఇరువదవ ఏట, అనగా 1895లో, ఆయన హంటింగ్టన్ పట్టణంలోని ఉన్నత పాఠశాలలో చేరి, రెండేండ్లలో ఆ చదువు ముగించినారు. పిమ్మట కొంతకాలం ఉపాధ్యాయుడుగా సంపాదించుకొంటూ, కొంతకాలం చదువుకొంటూ 1903లో కెంటకీ రాష్ట్రంలోని బెరియా కళాశాల పట్టభద్రులైనారు. తెల్లవారు, నల్లవారు కలిసి చదివిన కళాశాల అది. మరుసటి ఏడాదే అటువంటి సహవిద్యను నిషేధిస్తూ ఆ రాష్ట్రం శాసనం చేసినది.

1903లోనే ఉడ్సన్ ఫిలిప్పీన్ దీవులకు ఉపాధ్యాయుడుగా వెళ్ళినారు. దాదాపు మూడేండ్లు అక్కడ పనిచేసినారు. ఉద్యోగం దొరికినదని చదువు మానుకొనే స్వభావం కాదు ఆయనది. షికాగో విశ్వవిద్యాలయం 1892లో తన బోధన ప్రారంభించిననాటి నుండి తపాలా ద్వారా పాఠాలు చెప్పే ఏర్పాటు చేసియుండినది. పాఠం తపాలాలో వచ్చేది. విద్యార్థి జవాబులు వ్రాసి పంపేవాడు. ఉపాధ్యాయుడు దిద్ది తిప్పి పంపేవాడు. ఈ పద్ధతిలో ఉడ్సన్ పసిఫిక్ సముద్రానికి ఆవలి నుండి స్పానిష్ భాష నేర్చుకొన్నారు. ఉత్తరం ఓడ మీద సముద్రం దాటి, జవాబు మరల సముద్రం దాటి రావలసిన రోజులవి.

ఆ దీవులలోనే మరొక పాఠం కూడ ఆయనకు బోధపడినది. అమెరికానుండి వచ్చిన వాచకాలలో ఆపిలు చెట్టును గూర్చిన మాటలు ఉండేవి. ఆ పిల్లలు ఆపిలు ఎన్నడూ చూచి ఎరుగరు. ఒక ఉపాధ్యాయుడు ఆ వాచకాన్ని ప్రక్కన పెట్టి, వారి ఊరి నేరేడు చెట్టుతో పాఠం మొదలుపెట్టినాడు. వాషింగ్టన్‌కు బదులు వారి దేశభక్తుడు హోసె రిజాల్ కథ చెప్పినాడు. పిల్లలకు చదువు వంటబట్టినది. ఈ ఉదంతాన్ని ఉడ్సన్ మరువలేదు. 1933లో ప్రకటించిన తన ప్రసిద్ధ గ్రంథంలో, తన జాతికి నేర్పుతున్న తప్పు చదువును విమర్శిస్తూ దీనిని స్మరించినారు.

స్వదేశం చేరిన పిమ్మట షికాగోలో పై చదువుకు ప్రవేశం కోరగా, బెరియా పట్టం చాలదన్నారు. ఆయన వాదనకు దిగలేదు. మరల బి.ఏ. చదివి, అదే సంవత్సరం, 1908లో, ఎం.ఏ. కూడ పూర్తిచేసినారు. ఎం.ఏ. వ్యాసానికి తీసుకొన్న విషయం పదునెనిమిదవ శతాబ్దంలో జర్మనీ పట్ల ఫ్రాన్సు అనుసరించిన రాజనీతి. తన జాతి చరిత్ర ఆనాటి విశ్వవిద్యాలయాల పాఠ్యక్రమంలో లేదు.

తరువాత హార్వర్డులో చేరినారు. ఒక్క ఏడాది మాత్రమే అక్కడ నివసించి చదువగలిగినారు. 1909లో వాషింగ్టన్ నగరంలో ఉపాధ్యాయ పదవి స్వీకరించి, పగలు పిల్లలకు పాఠాలు చెప్పి, తక్కిన వేళ అక్కడి కాంగ్రెసు గ్రంథాలయంలో పరిశోధన సాగించినారు. ఆచార్యులు సుమారు నాలుగువందల మైళ్ళ దూరంలో ఉన్నారు. అంతర్యుద్ధ కాలంలో వర్జీనియా రెండుగా చీలి పశ్చిమ వర్జీనియా ఏర్పడిన వైనమే ఆయన సిద్ధాంత వ్యాసానికి విషయం. తాను బొగ్గు త్రవ్విన రాష్ట్రం ఎట్లు పుట్టినదో ఆయన పత్రాలు పరిశోధించి నిరూపించినారు. 1912లో డాక్టరు పట్టం లభించినది. హార్వర్డులో ఆ పట్టం పొందిన నల్లజాతివారిలో ఆయన రెండవవారు, మొదటివారు డుబాయిస్.

హార్వర్డు ఆచార్యులలో ఎడ్వర్డ్ ఛానింగ్ ఒకరు. నల్లవారికి చరిత్ర లేదన్నది ఆయన అభిప్రాయం. ఉడ్సన్ దానికి మాటలతో జవాబు చెప్పలేదు. 1915 సెప్టెంబరులో షికాగోలో కొద్దిమంది మిత్రులతో కలిసి నల్లజాతి జీవిత చరిత్రల అధ్యయనానికి ఒక సంఘం స్థాపించినారు. 1916 జనవరిలో జర్నల్ ఆఫ్ నీగ్రో హిస్టరీ అనే పరిశోధన పత్రిక వెలువడినది. మొదటి సంచికకు డబ్బు లేకపోగా తన జీవిత బీమా మీద అప్పు తెచ్చినారు. 1921లో ప్రచురణ సంస్థ నెలకొల్పినారు. 1926 ఫిబ్రవరిలో నల్లజాతి చరిత్ర వారోత్సవం ఆరంభించినారు.

1927లో ఆ సంఘం పక్షాన గృహాధ్యయన శాఖ ఒకటి తెరిచినారు. ఆఫ్రికా చరిత్ర, కళ మొదలైన విషయాలలో తపాలా ద్వారా పాఠాలు పంపడం ఆ శాఖ పని. పల్లెబడులలో పనిచేసే నల్లజాతి ఉపాధ్యాయుడు ఉద్యోగం మాని విశ్వవిద్యాలయానికి పోలేడు; పోయినా అక్కడ ఈ పాఠం లేదు. ఒకనాడు సముద్రాల ఆవల తపాలా కోసం ఎదురుచూచిన విద్యార్థి ఈనాడు తానే పాఠాలు పంపినాడు. ఆ శాఖలో చేరినవారు ఎక్కువమంది కారు. అయినా అంతవరకు ఎవరూ చెప్పని పాఠం అది.

ఉడ్సన్ మాట కరకు. ఇతరుల పెత్తనం సహించేవారు కారు. సంఘాన్ని ఏదైనా కళాశాలకు అనుబంధంగా చేయవలెనని ధర్మనిధుల వారు కోరగా ఆయన నిరాకరించినారు. ఆ విరాళాలు 1930 దశకంలో ఆగిపోయినవి. అప్పుడు ఆదుకొన్నది ఉపాధ్యాయులు, మతబోధకులు, సామాన్య గృహస్థులు పంపిన చిన్న చిన్న చందాలు. ఆయన వివాహం చేసుకొనలేదు. వాషింగ్టన్‌లోని ఇల్లే సంఘ కార్యాలయం; ఆ ఇంటనే 1950 ఏప్రిల్ 3వ తేదీన కన్నుమూసినారు.

ఆయన ఆరంభించిన వారోత్సవం 1976 నుండి మాసోత్సవమైనది. చరిత్ర లేదన్న జాతికి చరిత్ర ఉన్నదని పత్రాలతో నిరూపించి, దానిని బడికి దూరంగా ఉన్నవారి ఇంటికి చేర్చడం ఆయన జీవితకృషి. ఆలివర్ జోన్స్ ఇంట చదువు రాని కార్మికులకు పత్రిక చదివి వినిపించిన యువకుడు కడవరకు ఆ పనినే కొనసాగించినారనవచ్చు.