కథలకు ఋణపడిన కవి

పశుపక్ష్యాదుల కథలు పిల్లల కోసమే పుట్టాయని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. పంచతంత్రం పుట్టిన తీరును గమనిస్తే ఆ అభిప్రాయం సరికాదని తెలుస్తుంది. చదువు వంటబట్టని రాకుమారులకు రాజనీతిని, లోకరీతిని నేర్పడానికి విష్ణుశర్మ ఆ కథలు చెప్పాడని ఆ గ్రంథమే తెలుపుతుంది. మంచి మిత్రుణ్ణి ఎట్లా సంపాదించుకోవాలి, కపటిని ఎట్లా గుర్తించాలి, బలవంతుని ఎదుట బలహీనుడు ఎట్లా బతకాలి అన్నవి పసితనంలో కంటె పెద్దతనంలోనే మనిషికి ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలు. నడివయసు దాటాక ఈ భారతీయ కథల విలువను గుర్తించి, వాటిని తన భాషలో అజరామరం చేసిన ఫ్రెంచి మహాకవి జాన్ ద లా ఫొంటేన్.

లా ఫొంటేన్ 1621 జులైలో ఫ్రాన్సు దేశంలోని షాటో తియెరీ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి షార్ల్ ఆ ప్రాంతంలోని రాజుగారి అడవులను, జలవనరులను పర్యవేక్షించే అధికారి. ఇరవయ్యవ ఏట లా ఫొంటేన్ మతగురువు కావాలని ఒక మఠంలో చేరాడు. ఏడాదిన్నర గడవకముందే ఆ జీవితం తనకు తగదని గ్రహించి బయటికి వచ్చాడు. తరువాత న్యాయశాస్త్రం చదివాడు. అదీ మనసుకు పట్టలేదు. 1647లో వివాహమైంది. 1652లో తండ్రి వలెనే అడవుల శాఖలో ఉద్యోగం స్వీకరించాడు. లెక్కలు, వ్యవహారాలు ఆయన స్వభావానికి సరిపడేవి కావు. పిత్రార్జితం క్రమంగా కరిగిపోయింది. కావ్యపఠనంలో, మిత్రగోష్ఠులలో కాలం గడిపిన ఆయన భార్యాపుత్రుల పట్ల బాధ్యతను సక్రమంగా నెరవేర్చలేదు. ఆ లోపం ఆయన జీవితంపై మచ్చగా మిగిలిపోయింది.

మిత్రుల విషయంలో మాత్రం ఆయన నిష్ఠ సాటిలేనిది. ఫ్రాన్సు ఆర్థికమంత్రి నికోలా ఫూకే ఆయనకు ఆశ్రయమిచ్చి పోషించాడు. ఫూకే వైభవం రాజుకే కంటగింపు అయింది. 1661 సెప్టెంబరులో పద్నాలుగో లూయీ ఆజ్ఞతో ఫూకే బందీ అయ్యాడు. నిన్నటివరకు ఆయన ద్వారం వద్ద గుమిగూడినవారిలో ఎందరో ముఖం చాటువేశారు. లా ఫొంటేన్ అట్లా చేయలేదు. పతనమైన ప్రభువుపై దయ చూపవలసిందిగా రాజును వేడుకొంటూ కవిత్వం రాశాడు. రాజు మనసు కరగలేదు. ఫూకే 1680లో చెరలోనే మరణించాడు. లా ఫొంటేన్‌కు ఆ తరువాత రాజాదరణ సులభంగా లభించలేదు. అధికారం ముందు మనుషులు ఎట్లా రంగులు మారుస్తారో ఆయన కళ్ళారా చూశాడు. సింహాల కొలువులను, నక్కల వినయాలను వర్ణించడానికి కావలసిన అనుభవం ఆయనకు అక్కడే లభించింది.

1668లో, నలభై ఆరేళ్ళ వయసులో, లా ఫొంటేన్ తన మొదటి నీతికథల సంపుటిని వెలువరించాడు. అందులో 124 కథలున్నాయి. ఆరేళ్ళ యువరాజుకు దానిని అంకితం చేశాడు. ఆ కథలకు గ్రీకు కథకుడు ఈసపు, లాటిన్ కవి ఫీడ్రస్ ప్రధానమైన ఆధారాలు. అంతవరకు అటువంటి కథలను విద్యార్థుల అభ్యాసానికి పనికివచ్చే సామగ్రిగానే ఎక్కువమంది భావించేవారు. లా ఫొంటేన్ వాటికి ఛందస్సును, సంభాషణను, హాస్యాన్ని సమకూర్చి ఉత్తమ కవిత్వంగా తీర్చిదిద్దాడు. పాఠకులు ఆ గ్రంథాన్ని ఎంతో ఆదరించారు.

కీర్తి వచ్చినా నిలకడ రాలేదు. 1672 ప్రాంతంలో ఆశ్రయం లేక నిలిచిన ఆయనను మదాం ద లా సాబ్లియేర్ అనే విదుషీమణి తన ఇంట చేర్చుకొన్నది. సుమారు ఇరవై సంవత్సరాలు ఆయనకు ఏ లోటూ రాకుండా చూసింది. ఆమె ఇంట శాస్త్రజ్ఞులు, తత్త్వవేత్తలు, యాత్రికులు సమావేశమయ్యేవారు. వారిలో ఫ్రాన్స్వా బెర్నియే ఒకడు. అతడు భారతదేశంలో మొగలుల కొలువులో వైద్యుడుగా ఉండి, తెలుగు నేలపై మచిలీపట్నాన్ని, గోల్కొండను కూడా దర్శించి స్వదేశం చేరినవాడు. అటువంటివారి సాంగత్యంలో తూర్పుదేశాల విజ్ఞానంపై ఆసక్తి కలగడం సహజం.

భారతీయ కథలు ఫ్రాన్సుకు చేరిన మార్గం మిక్కిలి దీర్ఘమైనది. క్రీస్తుశకం ఆరవ శతాబ్దంలో పారశీక చక్రవర్తి ఖుస్రో అనుషిర్వాన్ కాలంలో బుర్జోయ్ అనే వైద్యుడు పంచతంత్ర కథలను పహ్లవీ భాషలోకి మార్చాడు. ఎనిమిదవ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా వాటిని అరబ్బీలోకి తెచ్చాడు. కరటక దమనకులనే నక్కల పేర్లు అక్కడ కలీలా, దిమ్నా అయ్యాయి. కథలు చెప్పిన పండితుని పేరు బిద్‌పాయ్ అయింది. అరబ్బీ నుండి మరల పారశీకానికి, అక్కడి నుండి ఫ్రెంచికి ఆ కథలు నడిచాయి. 1644లో పారిస్‌లో అచ్చయిన ఆ అనువాదంలో బిద్‌పాయ్ కాస్తా పిల్‌పే అయ్యాడు. ఆ పిల్‌పే కథలే లా ఫొంటేన్ చేతికి అందాయి.

వాటిని ఆయన బాలుడుగా కాక, జీవితంలో ఎత్తుపల్లాలు చూసిన మనిషిగా చదివాడు. 1678లో రెండవ సంపుటి వెలువడింది. అందులోని కథావస్తువులలో అధికభాగానికి భారతీయ పండితుడైన పిల్‌పేకు తాను ఋణపడి ఉన్నానని కృతజ్ఞతతో ముందే ప్రకటించాడు. అప్పటికి ఆయన వయసు యాభై ఆరేళ్ళు. పేరు ప్రతిష్ఠలున్న కవి సుదూరదేశపు కథకుని పట్ల అట్లా ఋణాన్ని అంగీకరించడం ఆయన సంస్కారానికి నిదర్శనం.

ఆయన ఆ కథలను ఉన్నవి ఉన్నట్లు దింపుకోలేదు. పంచతంత్రంలో చెరువు ఎండిపోతుండగా ప్రాణరక్షణ కోసం తాబేలు హంసల సాయంతో ఆకాశానికెగురుతుంది. లా ఫొంటేన్ తాబేలుకు అటువంటి ఆపద లేదు. ఉన్నచోటు విసుగెత్తి లోకం చూడాలన్న కోరికతో రెండు బాతుల వెంట బయలుదేరుతుంది. జనుల పొగడ్తకు పొంగి నోరు తెరచి నేలపై పడుతుంది. పంచతంత్రంలో చేపలను మోసగించిన కొంగను చివరకు ఎండ్రకాయ వధిస్తుంది. లా ఫొంటేన్ కథలో నీటికాకి చేపలను మాయమాటలతో నమ్మించి, ఒక్కొక్కటిగా తినివేస్తుంది. దానికి శిక్ష పడదు. దుష్టునికి ప్రతిసారీ దండన కలుగుతుందన్న నమ్మకం ఆయనకు లోకంలో కనిపించలేదు. కబళించేవారిని నమ్మరాదన్న హెచ్చరికతోనే కథను ముగించాడు.

ఆయనకు మనసున మిక్కిలి హత్తుకొన్నది మిత్రలాభ కథ. వలలో చిక్కిన జింకను కాకి కనుగొనడం, ఎలుక తాళ్ళు కొరకడం, మెల్లగా నడిచి వచ్చిన తాబేలు వేటగానికి దొరకడం, తక్కినవారు దానిని విడిపించడం అందులోని కథ. ఈ కథను కవిత్వంగా రాసి, 1685లో ప్రకటించి, తనకు నీడనిచ్చిన మదాం ద లా సాబ్లియేర్‌కు అంకితం చేశాడు. ఆ నలుగురిలో ఎవరి సాయం గొప్పదన్న విచారణ వచ్చినప్పుడు, వారి నేర్పుల కంటె వారిని కలిపిన హృదయానికే అగ్రస్థానం ఇచ్చాడు. ఫూకే పతనాన్ని చూసినవాడు, పరుల ఇంట ఆదరాన్ని పొందినవాడు కనుకనే ఆ తీర్పు ఆయన అనుభవం నుండి వచ్చింది.

1684లో ఫ్రెంచి అకాడమీ ఆయనను సభ్యునిగా స్వీకరించింది. 1693లో మదాం ద లా సాబ్లియేర్ మరణించింది. అప్పుడు మరొక మిత్రకుటుంబం ఆయనను తమ ఇంటికి తీసుకొనిపోయింది. చివరి సంపుటిని కూడా పూర్తిచేసి, 1695 ఏప్రిల్ 13న పారిస్‌లో లా ఫొంటేన్ కన్నుమూశాడు. ఆయన రాసిన నీతికథలు సుమారు 240.

తెలుగులో పదిహేనవ శతాబ్దంలోనే దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని పద్యకావ్యంగా రచించాడు. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక ద్వారా మిత్రలాభ, మిత్రభేదాలను గద్యంలో విద్యార్థుల ముందుంచాడు. పారిస్‌లోని కవికి, మద్రాసులోని పండితునికి పరిచయమైన ఆ కాకి, ఎలుక, తాబేలు, జింక ఒక్కటే. బాల్యంలో కథగా విన్నదానిని పెద్దతనంలో మరల చదివినవారికి అందులో తమ జీవితమే కనిపిస్తుంది. లా ఫొంటేన్ జీవితం ఈ సత్యాన్ని నిరూపించింది.