పోటీలో గెలిచి మద్రాసును తీర్చిదిద్దిన వాస్తుశిల్పి - రాబర్ట్ చిషోమ్

మన హాస్టల్ విద్యార్థుల్లో చంద్రగిరి కోట చూడనివారు అరుదు. విహారయాత్ర అనగానే మాకు మొదట గుర్తొచ్చేది అదే. అక్కడి రాజమహల్‌లో కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నంతోనే మూడు అంతస్తులు లేపారు. ఈ మహల్ గురించి 1883లోనే ఒక పరిశోధన పత్రికలో వ్యాసం రాసిన ఇంగ్లీషు వాస్తుశిల్పి రాబర్ట్ ఫెలోస్ చిషోమ్. ఆయన జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో మిత్రులకు పరిచయం చేస్తున్నాము.

చిషోమ్ లండన్‌లో జన్మించారు. మన దేశానికి వచ్చి బెంగాల్ ప్రజాపనుల శాఖలో ఇంజనీరుగా పనిచేశారు. 1864లో మద్రాసు ప్రభుత్వం ప్రెసిడెన్సీ కళాశాలకు, విశ్వవిద్యాలయ సెనేట్ హౌస్‌కు డిజైన్లు కావాలని పోటీ ప్రకటించింది. అప్పటికి చిషోమ్ వయసు పాతికేళ్ళ లోపే, మద్రాసులో పేరున్న మనిషీ కాదు. అయినా ఆయన డిజైన్లే ఎంపికయ్యాయి. పలుకుబడి లేని యువకుడికి తలుపు తెరిచింది ఆ పోటీయే.

ప్రెసిడెన్సీ కళాశాల భవనం 1870లో ప్రారంభమయింది. అది ఇటలీ పద్ధతిలో ఉంటుంది. సెనేట్ హౌస్ పని మాత్రం 1874లో మొదలై 1879లో పూర్తయింది. ఈ మధ్యకాలంలో చిషోమ్ ఊరకే కూర్చోలేదు. పక్కనే ఉన్న చేపాక్ నవాబు మహలును, మధురలోని తిరుమల నాయకుని మహలును శ్రద్ధగా పరిశీలించారు. అందుకే ఒకే పోటీలో పుట్టిన ఈ రెండు భవనాలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి. సెనేట్ హౌస్ గోపురాల్లో, స్తంభాల్లో మన దేశపు పనితనం కనిపిస్తుంది. గెలిచాక కూడా నేర్చుకోవడం ఆపని మనిషి ఆయన.

తరువాత ఆయన మద్రాసు ప్రభుత్వ వాస్తు సలహాదారు అయ్యారు. స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌కు సూపరింటెండెంట్‌గా ఉన్నారు. తిరువనంతపురంలోని నేపియర్ మ్యూజియం, మద్రాసు జనరల్ పోస్టాఫీసు, విక్టోరియా పబ్లిక్ హాలు ఆయన రూపకల్పనలే. బరోడాలో చార్లెస్ మాంట్ మరణంతో ఆగిన లక్ష్మీవిలాస్ మహలును పూర్తిచేసిందీ ఆయనే. చివరికి లండన్ చేరి 1915లో కన్నుమూశారు.

ఆ రోజుల్లో మన చిత్తూరు కూడా మద్రాసు రాష్ట్రంలోనిదే. పై చదువులంటే మద్రాసు వెళ్ళాల్సిందే. తిరుపతిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1909లో అధ్యాపకులుగా చేరింది ఆ ప్రెసిడెన్సీ కళాశాలలోనే. కానీ ఆ మెట్లు ఎక్కగలిగిన పేదింటి బిడ్డలు అప్పట్లో బహు తక్కువ అన్న సంగతి మరువరాదు.

పోటీ పెట్టడం ఒక ఎత్తు, గెలిచినవారితో కట్టించడం మరో ఎత్తు. అమరావతి కోసం మన ప్రభుత్వం పెట్టిన పోటీలో 2016లో జపాన్‌కు చెందిన మాకి సంస్థ గెలిచింది. తరువాత ఆ డిజైన్‌ను పక్కనబెట్టి లండన్‌లోని ఫోస్టర్ సంస్థకు పని ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం మాత్రం సెనేట్ హౌస్ విషయంలో పదేళ్ళు ఆలస్యమైనా చిషోమ్‌నే నమ్ముకుంది. ఆ భవనం నేటికీ మెరీనా తీరాన నిలిచి ఉంది.

మాలో చాలామంది చదువు, భోజనం, నిద్ర అన్నీ ఒకే గదిలో జరిగే చోట పెరిగాము. ట్రంకు పెట్టెనే బల్లగా చేసుకుని పరీక్షలు రాశాము. రాజధానికి పోటీ పెట్టగలిగినప్పుడు, గాలీ వెలుతురూ వచ్చే ఒక మంచి హాస్టల్ కోసం ఎందుకు పెట్టకూడదు? తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీలో రేపు ఇంజనీర్లు, అధికారులు అయ్యేవారు ఈ మాట గుర్తుంచుకోండి. అలాంటి పోటీ వచ్చిన రోజున మొదటి డిజైన్ మన హాస్టల్ విద్యార్థిదే కావాలని మా కోరిక.