ద్రవముల ధర్మమును తెలిపిన భక్తుడు: బ్లేజు పాస్కలు

మన చాపాడు ప్రాంతమున చెరువుకట్టను చూడని బాలబాలికలు అరుదు. కట్ట పైభాగమున బండి పోవునంత వెడల్పే యున్నను, అడుగుభాగమున దానికి ఎన్నో రెట్లు వెడల్పుండును. నీటి ఒత్తిడి లోతును బట్టి హెచ్చునని మన పూర్వులు అనుభవముచే ఎరిగి, కట్టను అట్లు నిర్మించిరి. ఆ ఒత్తిడి ధర్మమును ద్రవములన్నిటికిని వర్తించునట్లు స్పష్టపరచిన వారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశీయుడగు బ్లేజు పాస్కలు. ఆయన పేరును మన విద్యార్థులు భౌతికశాస్త్ర పాఠములలో చదువుదురు. ఆయన జీవితమును ఎరిగినవారు కొలదిమంది. కావున దానిని ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

పాస్కలు 1623 వ సంవత్సరము జూన్ 19 వ తేదీన క్లెర్మాంటు పట్టణమున జన్మించెను. మూడేండ్ల ప్రాయముననే తల్లిని కోల్పోయెను. తండ్రి ఎతియెన్ పన్నుల న్యాయస్థానమున ఉద్యోగి, గణితమున దిట్ట. ఆయన 1631 లో కుమారుని, ఇరువురు కుమార్తెలను వెంటబెట్టుకొని పారిసు నగరమునకు పోయి, వారికి తానే చదువు చెప్పెను. భాషలు కుదురుటకు ముందే గణితము పట్టినచో తక్కినవి విడుచునని యెంచి, ఇంటనున్న గణిత గ్రంథములను దాచివేసెను. అయినను బాలుడు పండ్రెండేండ్ల వయసున నేలపై బొగ్గుతో గీతలు గీయుచు, రేఖాగణిత సత్యములను తనంతట తానే ఊహించుచుండుట తండ్రి కంటబడెను. అది మొదలు తండ్రి అడ్డు చెప్పలేదు.

1639 లో తండ్రికి రువాన్ పట్టణమున పన్నుల పని లభించెను. రాత్రులయందు లెక్కలతో అలసిపోవు తండ్రిని చూచి, ఆ శ్రమను తగ్గింపగోరి, 1642 లో పాస్కలు పండ్ల చక్రములతో కూడికలు చేయు యంత్రమును ఆరంభించెను. అప్పటికి ఆయనకు పందొమ్మిదేండ్లు. ఈ కాలముననే ఆయన దేహము రోగములకు లోనయ్యెను. పిమ్మట బాధలేని దినము ఆయనకు అరుదుగా నుండెను.

ఆ రోజులలో పండితులను కలవరపెట్టిన ప్రశ్న యొకటి కలదు. పీల్చు పంపు నీటిని సుమారు 10 మీటర్లకు మించి ఏల ఎత్తజాలదు? ప్రకృతి శూన్యమును సహింపదు గనుక నీరు ఎక్కునని పూర్వ శాస్త్రజ్ఞులు బోధించిరి. అట్లైనచో 10 మీటర్ల యొద్ద ఆ అసహనము ఏల ఆగిపోవలెను? ఇటలీ దేశమున టొరిచెల్లి యనునతడు, మనపైనున్న గాలి బరువే ద్రవమును ఎత్తుచున్నదని ఊహించెను. ఆ మాట నిజమైనచో, గాలి తక్కువగా నుండు కొండపై పాదరసము గొట్టములో దిగిపోవలెనని పాస్కలు తలచెను. ఆ పనిని బావగారగు పెరియేకు అప్పగించెను. 1648 సెప్టెంబరు 19 న పెరియే ఒక గొట్టమును కొండ క్రింద ఒక మతగురువు కావలిలో నుంచి, మరియొక దానితో పుయ్ ద డోమ్ పర్వతము నెక్కెను. క్రిందనున్న పాదరసము కదలలేదు. శిఖరమున నున్నది 3 అంగుళములకు పైగా దిగెను. వివాదము మాటలతో గాక కొలతతో తీరెను. మన రైతులు లోతు బావులలో మోటారును నీటి దరికి దించి అమర్చుటకు కారణము ఇదియే. బోరుబావి మోటారు నీటిలోననే మునిగియుండి నీటిని పైకి నెట్టును గనుక దానికి ఈ హద్దు లేదు.

గాలి పిమ్మట పాస్కలు ద్రవములను పరీక్షించెను. సూది తీసిన సిరంజిలో గాలి నింపి, మూతిని వ్రేలితో మూసి నొక్కినచో గాలి అణగి, విడిచినంతనే మరల వ్యాపించును. నీరు నింపి నొక్కినచో కాడ కదలనే కదలదు. ద్రవము తన పరిమాణమును దాదాపు తగ్గించుకొనదు. కావున మూసిన పాత్రలో ఒకచోట కలిగిన ఒత్తిడిని మ్రింగివేయక, అన్ని వైపులకు సమానముగా అందజేయును. ఇదియే పాస్కలు నియమము. పాత్రకు రెండు మూతులుండి, ఒకటి రెండవదానికి నూరు రెట్లు పెద్దదైనచో, చిన్న మూతిపై 10 కిలోల భారము పెద్ద మూతిపై 1,000 కిలోలను నిలుపగలదు. అయితే ఈ లాభము ఊరక రాదు. చిన్నది 100 అంగుళములు దిగిననే పెద్దది 1 అంగుళము లేచును. లారీనెత్తు జాకీ, కారు బ్రేకు, దూదిని బేళ్లుగా బిగించు ప్రెస్సు ఈ నియమమునే ఆశ్రయించినవి. 1795 లో ఇంగ్లండున జోసెఫ్ బ్రామా ఇట్టి ప్రెస్సుకు పేటెంటు పొందెను.

నీరు బొత్తిగా అణగదని తలంపరాదు. 1762 లో జాన్ కాంటన్ అను ఉపాధ్యాయుడు అది కొంచెము అణగునని నిరూపించెను. వాయుమండలమంతటి ఒత్తిడి అదనముగా కలిగినపుడు నీటి పరిమాణము సుమారు 20,000 లో ఒక వంతు తగ్గును. సముద్రమున 4 కిలోమీటర్ల లోతున సహితము ఆ తగ్గుదల నూటికి రెండు వంతుల లోపే.

1654 నవంబరు 23 రాత్రి పాస్కలు దేవుని సన్నిధిని గాఢముగా అనుభవించెను. ఆ అనుభవమును వ్రాసి తన అంగీ అస్తరులో కుట్టుకొనెను. ఆయన మరణానంతరమే అది బయల్పడెను. నాటినుండి ఆయన మనస్సు విశేషముగా దైవవిషయములపై నిలిచెను. ప్రకృతి విషయములలో పరీక్షయే ప్రమాణమనియు, దైవమర్మములలో దేవుని వాక్యమే ప్రమాణమనియు ఆయన తలంపు. అందుచే ఆయన విశ్వాసము పరిశోధనకు వెరవలేదు. ఆయన పరిశోధన గర్వమునకు దారితీయలేదు.

1662 మార్చిలో పారిసున స్వల్ప రుసుముతో అందరును ఎక్కదగిన గుర్రపుబండ్లు ఆయన యోచన మేరకు నడువసాగెను. దాని రాబడి బీదలకు చేరవలెనని ఆయన కోరిక. ఆ యేటనే తన ఇంట ఆశ్రయమిచ్చిన పేద కుటుంబపు బాలునికి మశూచి సోకెను. రోగియగు బిడ్డను వెడలగొట్టుట తగదని, పాస్కలు తానే ఇల్లు విడిచి అక్కగారింటికి పోయెను. అచ్చటనే ఆగస్టు 19 న, 39 వ ఏట కన్నుమూసెను. ద్రవములపై ఆయన వ్రాసిన గ్రంథము 1663 లోను, ధ్యానములు 1670 లోను వెలువడెను. 1971 లో ఒత్తిడి కొలతకు లోకమంతయు ఆయన పేరే పెట్టెను.

విద్యార్థులారా! ద్రవముపై పడిన ఒత్తిడి దానిని కుదించివేయక, దానిద్వారా ఇతరుల భారమునెత్తు బలమగును. పాస్కలు జీవితమును అట్టిదే. రోగము ఆయన బుద్ధిని గాని దయను గాని కుదింపజాలదయ్యెను. పరీక్ష చేయక ఏ మాటను నమ్మకుడు. కష్టము కలిగినపుడు పొరుగువాని భారమును మరువకుడు. ఈ రెండును ఆయన జీవితము మనకు నేర్పు పాఠములని మేము తలంచుచున్నాము.